అబ్బాయి ఐఫోను కొనుమనుచున్నాడు

ప్రశ్న: ఆరేండ్లుగా ఆండ్రాయిడ్ ఫోను వాడుచున్నాను. అమెరికాలోని మా అబ్బాయి ఐఫోనుకు మారుమనుచున్నాడు. మారవచ్చునా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: అయ్యా, 2007లో ఐఫోను, మరుసటి యేట ఆండ్రాయిడ్ ఫోను విపణికి వచ్చిన నాటినుండి ఏది మేలన్న వివాదము తెగకున్నది గాని, మీ విషయమున విచారింపవలసినది యంత్రముల గుణతారతమ్యము కాదు; ఇన్నేండ్లుగా మీకలవడిన పద్ధతులును, ఆ ఫోనులో మీరు దాచుకొన్న సామగ్రియును.

ఫొటోలు, నంబర్లు సులువుగనే తరలును. చిక్కెల్ల వాట్సాప్ సంభాషణలయొద్దనే. గూగుల్ డ్రైవ్‌లో దాచిన ప్రతిని ఐఫోను గ్రహింపజాలదు. కావున పాతదానిని ఎవరికో ఇచ్చివేయకమునుపే, కొత్తదానిని తొలిసారి సిద్ధపరచు వేళనే, రెంటిని ప్రక్కప్రక్కన ఉంచి, 'మూవ్ టు ఐఓఎస్' అను ఆప్ ద్వారా ఆ సంభాషణలను తరలింపవలెను. ప్లే స్టోర్‌లో వెలయిచ్చి కొన్న ఆప్‌లు మాత్రము వెంటరావు.

చిరకాలము అప్‌డేట్లు లభించుట ఒకప్పుడు ఐఫోనుకే చెల్లిన సుగుణము. నేడు పిక్సెల్ 8, గెలాక్సీ ఎస్24 వంటివానికిని ఏడేండ్ల హామీ కలదు. చౌక ఫోనులకు అంత భాగ్యము లేదు.

ఐఫోనులోని వీడియో కాల్ సదుపాయమగు ఫేస్‌టైమ్ కొరకే యైనచో మారనక్కరలేదు: అబ్బాయి లింకు పంపెనేని మీరు ఆండ్రాయిడ్ ఫోనులోని బ్రౌజరునందే తెరచి మాటలాడవచ్చును. సొంత డబ్బు పెట్టవలసివచ్చినచో నేనైతే మారను. అతడే కొనియిచ్చునేని వలదనకుడు; అయితే ఐఫోను 14 మొదలుకొని అమెరికాలో అమ్మువానికి సిమ్ కార్డు పెట్టు చోటే లేదు గనుక, ఇచ్చటనే కొనుమని చెప్పుడు.