కాలువ గట్టున తూటికాడ

మిరప కోతల రోజుల్లో గుంటూరు, ప్రకాశం పల్లెల్లో పెద్దవాళ్లు చేలో ఉంటే పిల్లలు కాలువ గట్టున ఉంటారు. కేకేస్తే వినపడే దూరమే, చెయ్యి చాపితే అందే దూరం మాత్రం కాదు. ఆ గట్టున వాళ్ల కంట ముందుగా పడేది తూటికాడ. లొట్టపీసు అని కూడా అంటారు. ఊదా కలిసిన లేత గులాబీ రంగు పువ్వు, లోపల గొంతు దగ్గర రంగు ముదురు. దాని గరాటు ఆకారం చూస్తే ఏ పిల్లాడికైనా కోసి బూర ఊదాలనిపిస్తుంది.

ఇది అమెరికా ఖండపు వేడి ప్రాంతాల నుంచి వచ్చిన మొక్క. విరిచిన కాడ తడిమట్టి మీద పడితే చాలు, వేళ్లు తన్నుకుంటుంది. 1967లో నీళ్లు వదిలిన నాగార్జునసాగర్ కుడి కాలువ కింద మేజర్లు, మైనర్లు అనే పిల్ల కాలువలు, మురుగు కాలువలు, చెరువు అంచులు అన్నీ దీనికి అనువైన చోట్లే. పీకి వదిలించుకుందామంటే అయ్యే పని కాదు. అందుకే పిల్లలకు దీన్ని దాచిపెట్టకుండా చూపించి, పేరుతో సహా చెప్పాలంటాను.

దీని ఆకులో స్వైన్‌సోనిన్ అనే విషం ఉంది. మేకలు, గొర్రెలు మామూలుగా దీనికి మూతి పెట్టవు. ఎండలు ముదిరి పచ్చగడ్డి దొరకనప్పుడు ఒకసారి మొదలుపెట్టాయంటే మరుగుతాయి. వారాల తరబడి తిన్నాక చిక్కిపోయి, తల వణుకుతూ, కాళ్లు తడబడుతూ నడుస్తాయి. కణాల్లో అరగని చక్కెరలు పేరుకుని నరాలు దెబ్బతినడమే దానికి కారణం. కాబట్టి "మేక తింటోందిగా అమ్మా!" అని మీవాడు వాదిస్తే ఆ మేకల సంగతే చెప్పండి. ఒక్క ఆకు కొరికితే చచ్చిపోతావని మాత్రం బెదిరించకండి. ఎవడో కొరికి, ఏమీ కాలేదని తేలిన రోజున మీరు చెప్పిన మిగతా జాగ్రత్తలు కూడా గాలికి పోతాయి.

తికమక ఎక్కడంటే, వండుకునే తూటికూర కూడా ఈ జాతిదే. రెండూ తడిలోనే పెరుగుతాయి, రెండింటి పువ్వూ ఒకే తీరు, తుంచితే రెండింటికీ పాలు కారతాయి. అందుకని పాలను గుర్తుగా పెట్టుకోవద్దు. నిలబడిన తీరు చూడండి. తూటికూర నీటి మీదో బురదలోనో పాకుతుంది, మెత్తని బోలు కాడ, కణుపు కణుపుకీ వేళ్లు. తూటికాడ పొదలా మనిషెత్తు లేస్తుంది, మొదలు కట్టెబారి ఉంటుంది, వెడల్పాటి ఆకు కొస సాగి ఉంటుంది. కాయ పగిలితే గింజ చుట్టూ పత్తిలా నూగు. అసలు మాటొకటి చెప్పాలి. మందు కొట్టిన ట్యాంకులు కడిగే కాలువలో దొరికే తూటికూర కూడా ఇంటికి తేదగినది కాదు.

నిజానికి నాకు తూటికాడ కన్నా ఉమ్మెత్త అంటేనే ఎక్కువ భయం. గట్ల మీద, దిబ్బల మీద, కల్లాల చుట్టుపక్కల అదీ మొలుస్తుంది. ముళ్లకాయ పగిలితే రాలే గింజలు చూడ్డానికి మిరపగింజల్లాగే ఉంటాయి. పక్కపక్కన అరచేతిలో పోసి పిల్లలకు చూపించండి. మిరపగింజ పలచన, లేత పసుపు. ఉమ్మెత్త గింజ కాస్త పెద్దది, మందం, గోధుమరంగు. చూపించాక చేతులు కడిగించడం మరవకండి. ఉమ్మెత్త గింజలు మింగిన పిల్లాడికి నోరు పిడచకట్టుకుపోతుంది, ముఖం ఎర్రబడి ఒళ్లు కాలుతుంది, కనుపాపలు పెద్దవవుతాయి, పొంతన లేని మాటలు మాట్లాడతాడు. గాలి సోకిందనుకుని తాయెత్తు కోసం పరుగెత్తితే ఆసుపత్రికి వెళ్లాల్సిన సమయం కాస్తా పోతుంది.

కోతలకు ఆదోని, కోసిగి వైపు నుంచి కుటుంబాలు పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తాయి. మెట్ట నేలల నుంచి వచ్చిన ఆ పిల్లలకు మన కాలువ గట్టు కొత్త. మీ పిల్లలకు చెప్పేటప్పుడు వాళ్లను కూడా పిలిచి కూర్చోబెట్టుకోండి.

ఏదైనా నోట్లో పెట్టుకున్నారని తెలిస్తే నోట్లో మిగిలింది తీసేసి పుక్కిలించమనండి. తూటికాడ పాలు కంట్లో పడితే మంచినీళ్లతో బాగా కడగండి. ఉప్పునీళ్లు తాగించి, గొంతులో వేలు పెట్టి కక్కించవద్దు. 108కి ఫోన్ చేయండి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం నంబరు 1800 116 117, ఫోన్‌లో చిన్నక్షరాల్లో కాకుండా గోడ మీద పెద్దగా రాసిపెట్టుకోండి. బయల్దేరేటప్పుడు పిల్లాడు తిన్న మొక్క రెమ్మను ఆకు, పువ్వు, కాయతో సహా సంచిలో వేసుకెళ్లండి. ఏం తిన్నాడో, ఎంత తిన్నాడో ముందు అడిగి తెలుసుకోండి. తిట్లేమైనా ఉంటే ఇంటికి తిరిగొచ్చాక చూసుకోవచ్చు.