రెసిస్టర్ల చిక్కుముడి విప్పడం ఎలా?

హైదరాబాద్ శివారు బౌరంపేట్‌లో పాత పెంకుటిల్లయినా, కొత్తగా లేచిన అపార్ట్‌మెంటయినా ఫ్యాన్ ఆపితే లైటు ఆరిపోదు. అవి సమాంతరంగా కలిపి ఉంటాయి. పాతకాలం సీరియల్ సెట్‌లో ఒక్క బల్బు మాడితే వరసంతా ఆరిపోతుంది. అది శ్రేణి సంధానం. పదో తరగతి విద్యుత్ పాఠంలో పిల్లలను తికమకపెట్టే లెక్కల్లో చాలావరకు ఈ రెండిటి కలయికలే. వాటిని ఒక్క రెసిస్టర్‌గా కుదించడం ఎలాగో చూద్దాం.

కావలసినవి: 68, 220, 330 ఓంల రెసిస్టర్లు ఒక్కొక్కటి, 100 ఓంలవి రెండు, బ్రెడ్‌బోర్డు, మల్టీమీటర్, 1.5 వోల్టుల సెల్స్ రెండు. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తే అన్నీ దొరుకుతాయి.

1. సర్క్యూట్ గీయండి. బ్యాటరీ ప్లస్ కొసను ‘క’ అనీ, మైనస్ కొసను ‘గ’ అనీ పిలుద్దాం. పై దారిలో ‘క’ నుంచి ‘చ’ వరకు 68 ఓంలు, ‘చ’ నుంచి ‘గ’ వరకు 220, 330 పక్కపక్కన. కింది దారిలో రెండు 100లు ఒకదాని వెంట ఒకటి.

2. తీగలు కలిసే ప్రతి చోటా పేరు పెట్టండి. మధ్యలో రెసిస్టర్ లేకుండా ఉత్త తీగతో కలిసినవన్నీ ఒకే బిందువు, ఒకే పేరు. బొమ్మ ఎంత వంకరగా ఉన్నా పేర్లు మోసం చేయవు.

3. జతలు పట్టండి. రెండు రెసిస్టర్ల రెండు కొసలకూ అవే పేర్లుంటే సమాంతరం. ఒక్క కొసే కలిసి, అక్కడ మూడో దారి చీలకపోతే శ్రేణి. 68, 220 ఒకే గీతపై కనిపించినా శ్రేణి కాదు. ‘చ’ దగ్గర 330 చీలుతోంది. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే.

4. బ్యాటరీకి దూరంగా ఉన్న జతతో మొదలుపెట్టండి. సమాంతరంలో రెండిటి లబ్ధాన్ని మొత్తంతో భాగించాలి: 220 × 330 ÷ 550 = 132 ఓంలు. మూడు ఉంటే రెండేసి చొప్పున కలుపుకుంటూ పోవాలి.

5. బొమ్మ మళ్లీ గీయండి. ఇప్పుడు పై దారిలో 68, 132 శ్రేణిలో మిగిలాయి. కూడితే 200. కింది దారిలో 100 + 100 = 200. ఈ రెండు దారులూ సమాంతరం: 200 × 200 ÷ 400 = 100 ఓంలు. ఇదే ఫలిత నిరోధం.

6. సరిచూసుకోండి. శ్రేణి ఫలితం అన్నిటికంటే పెద్దదానికన్నా ఎక్కువ, సమాంతర ఫలితం అన్నిటికంటే చిన్నదానికన్నా తక్కువ ఉండాలి. లేకుంటే లెక్క తప్పినట్టే.

7. బ్రెడ్‌బోర్డుపై ఇదే సర్క్యూట్ కట్టి ‘క’, ‘గ’ల మధ్య కొలవండి. బ్యాటరీ తీసేశాకే ఓంలు కొలవాలి. మీటర్‌ను 2000 ఓంల దగ్గర పెట్టండి. 200 దగ్గర పెడితే 220ని విడిగా చూపలేదు. రెసిస్టర్లపై బంగారు రంగు పట్టీ ఉంటే 5 శాతం అటూ ఇటూ ఉంటుంది కాబట్టి 95 నుంచి 105 లోపు ఏది వచ్చినా సరే.

8. వెనక్కి నడవండి. రెండు సెల్స్ శ్రేణిలో కలిపితే వచ్చే 3 వోల్టులను 100 ఓంలతో భాగిస్తే 30 మిల్లీఆంపియర్లు. దారికి 15 చొప్పున చీలుతాయి. పై దారిలోని 15లో 220కి 9, 330కి 6 వెళ్తాయి. నిరోధం తక్కువున్న వైపే కరెంటు ఎక్కువ.

శ్రేణీ, సమాంతరమూ ఎక్కడా దొరకని సర్క్యూట్లూ ఉంటాయి. తూకం కుదరని వీట్‌స్టన్ బ్రిడ్జి అలాంటిదే. దానికి కిర్కాఫ్ నియమాలు వాడాలి.

ఇంటి స్విచ్‌బోర్డుపై ఈ ప్రయోగాలు వద్దు, అక్కడున్నది 230 వోల్టులు. బదులుగా ఇవే రెసిస్టర్లలో 68ని కింది దారికి, అక్కడి ఒక 100ని పైకి మార్చి లెక్క కట్టండి. సుమారు 97.4 ఓంలు వస్తే పద్ధతి మీకు పట్టుబడినట్టే.