అడుగు రేటు చూసి మేస్త్రీని కుదుర్చుకోకు

తెనాలి

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు.

నాన్న కట్టించిన ఇంటిమీద పై అంతస్తు వేస్తున్నానని నువ్వు ఫోన్లో చెప్పగానే నా కడుపు నిండిపోయింది. కానీ ఆ వెంటనే, "ఒకాయన అడుగుకి 380 అన్నాడక్కా, ఇంకొకాయన 300కే చేస్తానన్నాడు, ఆయనకే ఇచ్చేద్దామనుకుంటున్నా" అన్నావు. అప్పట్నుంచి నాకు అదే ఆలోచన. నువ్వుండేది హైదరాబాదులో, పని జరిగేది ఇక్కడ. అందుకే ఇంత ఉత్తరం రాస్తున్నా.

ముందు ఈ లెక్క చూడు. మన ఇల్లు 25 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు. గోడల వరకు కొలిస్తే 1000 చదరపు అడుగులు. స్లాబ్ నాలుగు వైపులా 2 అడుగుల చొప్పున బయటికి వస్తుంది కదా, దాని అంచుల వరకు కొలిస్తే 29 ఇంటూ 44, అంటే 1276. 380 అన్నాయన గోడల వరకే కొలిస్తే నువ్విచ్చేది 3,80,000. 300 అన్నాయన స్లాబ్ అంచుల వరకు కొలిస్తే 3,82,800. తక్కువ చెప్పినాయనకే ఎక్కువ ముడుతుంది! మేస్త్రీలు రెండు రకాలుగానూ కొలుస్తారు. ఎలా కొలుస్తారో ముందే అడగడం మన పని.

ఇక ఆ రేటులో ఏమేం కలిసి ఉన్నాయో అడుగు. సెంట్రింగ్ ఆయనదేనా? రాడ్లు వంచి కట్టే కూలి? మెట్లు, పిట్టగోడ, అటకలు, వంటగట్టు, టైల్స్ పరవడం? కాంక్రీటు కలిపే మిల్లర్ అద్దె ఎవరిది? "అవన్నీ చూసుకుందాం లేమ్మా" అన్న ప్రతి పనికీ తర్వాత వేరే డబ్బు అడుగుతారు. ఒక్కొక్కటీ కాగితం మీద రాసి, ఇద్దరూ సంతకం పెట్టండి.

ఇదంతా కూలి మాటే. సిమెంటు, ఇసుక, ఇనుము, కంకర, ఇటుక నువ్వే కొనాలి, అసలు ఖర్చు అక్కడుంది. సిమెంటు మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాదు, 18 శాతమే. బిల్లు తీసుకుని చూసుకో. ఇనుము దిగినప్పుడు కాటా చీటీ ఒక్కటే నమ్మకు, రాడ్లు లెక్కపెట్టించు. 12 మీటర్ల పొడవున్న 12 ఎంఎం రాడ్డు సుమారు 10.6 కిలోలు తూగుతుంది. చీటీలో బరువుకీ రాడ్ల లెక్కకీ పొంతన ఉందో లేదో అక్కడికక్కడే తెలిసిపోతుంది.

వీటన్నిటికంటే ముందు ఇంజినీరుకు డబ్బిచ్చి, కింది పిల్లర్లు, పునాది ఇంకో అంతస్తు మోస్తాయో లేదో చూపించు. ఆ ఫీజు దగ్గర వెనకాడొద్దు.

డబ్బిచ్చే పద్ధతి నేను నష్టపోయి నేర్చుకున్నాను. మా ఇల్లు కట్టేటప్పుడు స్లాబ్ పడగానే మేస్త్రీ "పిల్ల పెళ్ళి ఉందమ్మా" అంటే ప్లాస్టరింగ్ డబ్బు కూడా ముందే ఇచ్చేశాను. మర్నాడే మనుషుల్ని తీసుకుని ఇంకో ఇంటికి వెళ్ళిపోయాడు. మూడు నెలలు అద్దె కట్టుకుంటూ ఆ వట్టి గోడల్ని చూస్తూ కూర్చున్నాం. డబ్బు పని వెనకే నడవాలి తమ్ముడూ. గోడలు లేచాక కొంత, స్లాబ్ పడ్డాక కొంత, ప్లాస్టరింగ్ అయ్యాక కొంత. చివరి పదో వంతు మాత్రం బాత్రూముల్లో రెండు రోజులు నీళ్ళు నిలిపి, కింద చెమ్మ దిగలేదని చూశాకే ఇవ్వు. టైల్స్ మీద రూపాయి బిళ్ళతో తట్టుకుంటూ వెళ్ళు. కింద సిమెంటు నిండని చోట డొల్లగా మోగుతుంది. అది తీయించి మళ్ళీ వేయించు.

స్లాబ్ పడ్డ మర్నాడు పైన వరి మడుల్లా చిన్న గట్లు కట్టి నీళ్ళు నిలపాలి. కనీసం పది రోజులు తడి ఆరకూడదు. నీళ్ళు పెట్టే మనిషి కూలి ఎవరిదో కూడా ఆ కాగితంలోనే రాయించు.

చివరిగా ఒక్క మాట. రాసుకున్న పని దగ్గర ఎంతైనా గట్టిగా ఉండు, కూలి దగ్గర మాత్రం గీచి గీచి బేరమాడకు. గిట్టుబాటు కాని రేటుకి ఒప్పుకున్న మేస్త్రీ మంచి పనివాళ్ళను తీసుకురాలేడు, పని తొందరగా ముగించి పోదామని చూస్తాడు. ఆ తొందర మన గోడల్లో బయటపడుతుంది. శనివారం సాయంత్రం ఆయన తన మనుషులకు కూలి పంచాలి. ఇవ్వాల్సింది ఆ రోజే ఇవ్వు, సోమవారానికి వాయిదా వెయ్యకు. ఎండలో ఇటుకలు మోసిన ఆడకూతుళ్ళు ఆ డబ్బుతోనే బియ్యం కొనుక్కుంటారు.

ఈ ఆదివారం నువ్వు ఇక్కడికి వచ్చి ఇద్దరు మేస్త్రీలనూ ఇంటికి పిలువు. టేపు, కాగితం దగ్గర పెట్టుకుని కొలిపించు. నేనూ వస్తాను. రేటు ఆ తర్వాతే మాట్లాడదాం.

ఇట్లు,
మీ అక్క