చూపు పోయినవారికి ఇంట్లోనే మనసుకు తోడు: మంగళగిరి ఇళ్లలో అడిగే ప్రశ్నలు

నాన్న మగ్గం మీదే బతికారు. గ్లకోమాతో చూపు పోయాక గది దాటి రావట్లేదు. ఇంటి దగ్గరే సాయం అడిగే హక్కు ఉందా?

ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ ప్రకారం కుటుంబానికి తోడ్పాటు, ఇంటి దగ్గరే పునరావాసం వంటి సేవలు ప్రభుత్వం ఏర్పాటు చేయాలి. అలాగని పిలవగానే డాక్టరు గుమ్మంలోకి రారు. ముందు 14416కు ఫోన్ చేయండి. అది 2022 అక్టోబరు 10న మొదలైన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్. ఉచితం, రాత్రీపగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. నేరుగా చూపించాలంటే మన మంగళగిరి ఎయిమ్స్‌లో కంటి విభాగం, మానసిక వైద్య విభాగం రెండూ ఉన్నాయి. వైద్యంలో దివ్యాంగులకు ప్రాధాన్యం ఇవ్వాలని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 25వ సెక్షన్ చెబుతోంది. క్యూలో నిలబెట్టకుండా చూడమని ఆ మాట చెప్పి అడగండి.

ఆయన తరఫున మేమే మాట్లాడొచ్చా?

మొదట మీరు మాట కలపండి. తర్వాత ఫోన్ ఆయన చేతికిచ్చి, ‘నేను బయటికెళ్తున్నా నాన్నా’ అని చెప్పి మరీ తలుపు వేయండి. గదిలో ఎవరున్నారో ఆయనకు కనబడదు. చప్పుడు చేయకుండా మూల నిలబడి వినడం చాలా ఇళ్లలో ప్రేమతోనే జరుగుతుంది, కానీ ఆ అనుమానం వస్తే మనిషి ఇక నోరు విప్పడు. స్పీకర్ ఆపి ఇయర్‌ఫోన్ పెట్టండి. ఫోన్ తెర మీదివి చదివి వినిపించే టాక్‌బ్యాక్, నొక్కిన అంకెలనూ పైకి చదివేస్తుంది. వైద్యంలో చెప్పుకున్నవి గోప్యంగా ఉంచాలన్నది 2017 చట్టం 23వ సెక్షన్. ప్రాణాపాయం వంటి కొద్ది సందర్భాలే మినహాయింపు.

చూపు మందగించిన అమ్మకు గోడ దగ్గర రంగుల చీరలు కట్టుకున్న మనుషులు కనిపిస్తున్నారట. మతి చెడిందా?

కాకపోవచ్చు. ఇది చార్లెస్ బానెట్ సిండ్రోమ్ అయి ఉండొచ్చు. జెనీవాకు చెందిన బానెట్ 1760లో తన తాతగారికి ఇలా కనబడటం గురించి రాశాడు. కంటి నుంచి సమాచారం తగ్గినప్పుడు మెదడు తనే బొమ్మలు అల్లుకుంటుంది. సాధారణంగా మాటలు వినబడవు, అవి నిజం కావని వారికీ తెలుస్తుంది. పిచ్చి అంటారేమోనని దాచుకోవడమే అసలు బాధ. ‘ఏ రంగు చీరమ్మా?’ అని మామూలుగా అడగండి. కంటి డాక్టరుకూ చెప్పండి. మాటలూ వినిపిస్తున్నా, తికమక పెరిగినా మానసిక వైద్యులకు చూపించాలి.

మానసిక వైద్యానికి వెళ్తే పింఛను ఆగుతుందా? సంతకం చెల్లకుండా పోతుందా?

రెండూ జరగవు. మన పక్క పెనుమాకలోనే 2024 జులై 1న మొదలైన ఎన్టీఆర్ భరోసా పింఛను పథకం కింద దివ్యాంగులకు నెలకు 6,000 రూపాయలు. దానికి వైకల్య శాతం చూస్తారు గానీ, మానసిక వైద్యం చేయించుకున్నారా అన్నది కాదు. ఆస్తి ఉంచుకోవడం, వారసత్వంగా పొందడం, డబ్బు వ్యవహారాలు నడుపుకోవడం అందరితో సమానమైన హక్కని 2016 చట్టం 13వ సెక్షన్ అంటోంది. ‘ఆయనకు తెలియదులే’ అని కాగితం చదివి వినిపించకుండా వేలిముద్ర వేయించుకుంటే న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. దివ్యాంగులకు అక్కడ న్యాయ సహాయం ఉచితం, నంబరు 15100.

‘నేనెందుకు బతకడం’ అంటున్నారు.

ఒంటరిగా వదలకండి. వెంటనే 14416కు చేయండి, లేదా అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. కేసవుతుందని భయపడి ఆలస్యం చేయొద్దు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే చట్టం భావిస్తుంది, శిక్ష బదులు వైద్యం అందించమంటుంది. అది 2017 చట్టం 115వ సెక్షన్.

ఇంటికొచ్చి కౌన్సెలింగ్ ఇస్తామనేవారిని నమ్మొచ్చా?

క్లినికల్ సైకాలజిస్టునని చెప్పుకుంటే భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. అడగడం తప్పు కాదు.