ఛాయాచిత్రమును నేయుట

ఛాయాచిత్రమనగా చూచెడి బొమ్మయేనని అనుకొందుము. కాని తాతగారి పటమునకు బొట్టు పెట్టి, దండ వేసి, పండుగకు తుడిచి మరల మేకుకు తగిలించు మనకు అది బొమ్మ మాత్రమే కాదని తెలియును. అది మందము, అంచు గల వస్తువు. వస్తువైనచో కోయవచ్చును, నేయవచ్చును కూడ.

ఈ పని చేసి చూపినవాడు డిన్ క్యూ. లే. కంబోడియా సరిహద్దుననున్న వియత్నాం పట్టణము హా తియెన్‌లో 1968లో పుట్టినాడు. ఖ్మేర్ రూజ్ దాడులకు వెరచి 1978లో కుటుంబముతో ఊరు విడిచి, తరువాత అమెరికా చేరినాడు. చిన్ననాట ఇంటి పెద్దామె గడ్డిచాప అల్లుచుండగా చూచి నేర్చిన పనినే ఫొటోలపై ప్రయోగించినాడు. 1975–79 నడుమ కంబోడియాలోని తువోల్ స్లెంగ్ చెరలో ఖైదీలను చేర్చుకొనగానే ఫొటో తీసెడివారు. ఆ వేలమందిలో బ్రతికి బయటపడినవారు బహు కొద్దిమంది. ఆ ముఖములను, అంగ్‌కోర్ ఆలయ శిల్పములను పట్టీలుగా కోసి, 1990 దశాబ్దిలో లే పడుగు పేకలుగా కలిపినాడు. శిల్పముల సందులనుండి ఆ కన్నులు మనలను చూచును. ఆయన 2024లో మరణించినాడు.

మన సంగతి. క్యాసంబళ్ళి ప్రక్కనున్న కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. గనిలో దిగిన పెద్దల పటము ఇంట నున్నచో, అదియు, గనిబావిపై ఇనుప చట్రపు ఫొటో ఒకటియు తీసుకొనుడు. అసలు పటమును ముట్టరాదు; స్టూడియోలో ఒకే కొలతకు నకళ్ళు తీయించవలెను. (కత్తెర పడిన తరువాత విచారించి ఫలము లేదు.)

ముఖమును నిలువుగా పావు అంగుళపు పట్టీలుగా కోయుడు. పై అంచు అర అంగుళము కోయక విడిచినచో పడుగు చెదరదు. రెండవదానిని అడ్డముగా కోసి, వరుస తప్పక అంకెలు వేసి, ఒకటి పైకి ఒకటి క్రిందికిగా దూర్చుడు. సాదా నేతలో ప్రతి బొమ్మకు సగమే కనబడును. మిగిలిన సగము ఎచ్చటికిని పోదు, పై పట్టీ క్రిందనే ఉండును. కన్నులు వచ్చుచోట పడుగును రెండు మూడు పేకలపై తేల్చినచో చూపు నిలుచును. అంతకు మించి తేల్చిన కాగితము ఉబ్బును.

నూలు ఒదిగినట్లు కాగితము ఒదుగదు. మందము ఒకదానినొకటి నెట్టుటచే చివరి రెండు మూడు పట్టీలకు చోటు చాలదు. కావున పేక పట్టీలను వెంట్రుకవాసి సన్నముగా కోయుడు. అంచులకు లే వాడినది అవిసెనార పట్టీ. మనకు నూలు నాడా జిగురుతో అంటించిన చాలును.