బీపీ మిషన్ కొన్నారు సరే, లెక్క చూపించారా?

పోయిన చలికాలం మా బాపుకు బ్లూటూత్ బీపీ మిషన్ కొనిచ్చాను. కరీంనగర్‌లో డాక్టరు దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ పై అంకె 160కి తగ్గేది కాదు. బస్టాండు నుంచి నడిచి, మెట్లెక్కి, టోకెన్ కోసం నిలబడి, ఆ ఆయాసంతోనే పట్టీ చుట్టించుకునేవాడు. ఇంట్లో వారం రోజులు పొద్దున, సాయంత్రం చూసుకుంటే 130 దగ్గరే ఉంది. రెండు రోజులు మాత్రం 170 దాటింది. ఎందుకని అడిగితే, "అది నాది కాదు బిడ్డా, మీ అవ్వది. నాది గూడ సూడుమంటే సూసిన" అన్నాడు.

అట్లా అవ్వ బీపీ బయటపడింది. డాక్టరు ఫోన్‌లో లెక్కంతా చూసి బాపుకు మందు పెంచలేదు, అవ్వకు మొదలుపెట్టాడు.

చాలా మిషన్లలో ఒకటి, రెండు అని మనుషులకు వేర్వేరు బటన్లుంటాయి. ఎవరిది వాళ్లు నొక్కండి. లెక్కలు కలిసిపోతే ఒకరి జబ్బుకు ఇంకొకరు మందు మింగాల్సి వస్తుంది.

మనలో ఇంకో అలవాటుంది. షుగర్ పరీక్షకు రెండు రోజుల ముందు తీపి మానేస్తాం. అంకె ఎక్కువొస్తే ఫోన్‌లో చెరిపేస్తాం. బడిలో మార్కులు దాచిన పిల్లల్లా డాక్టరు ముందు కూర్చుంటాం. దయచేసి మానండి. డాక్టరుకు కావలసింది ఆ చెడ్డ అంకే. అది వచ్చిన రోజు ఏం తిన్నారో, ఏ గోళీ మరిచారో పక్కన రాసుకోండి.

కొలిచే ముందు అరగంట చాయ్ వద్దు. ఐదు నిమిషాలు వీపు ఆనించి, మాట్లాడకుండా కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తున ఉండాలి. నిమిషం ఆగి రెండోసారి చూడాలి. ఇంట్లో సగటు 135/85 దాటుతుంటే డాక్టరుకు చూపించాలి. గోళీలు సొంతంగా మార్చొద్దు. ఛాతీలో నొప్పి వస్తే చేతికున్న స్మార్ట్‌వాచీ అంకెల్ని నమ్మి కూర్చోకుండా 108కి ఫోన్ చేయాలి.

ఇంట్లో మనం రాసుకునే లెక్కే కాదు, ప్రభుత్వం తీసిన లెక్కా ఉంది. ములుగులో, ఒకప్పటి కరీంనగర్ జిల్లాలో భాగమైన రాజన్న సిరిసిల్లలో 2022 మార్చి 5న తెలంగాణ ప్రభుత్వ హెల్త్ ప్రొఫైల్ కార్యక్రమం మొదలైంది. ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ వెళ్లి 18 ఏళ్లు దాటినవాళ్ల బీపీ, షుగర్ చూసి, వివరాలు ఆన్‌లైన్‌లో ఎక్కించారు. అంతకు ముందే, 2021 జూన్‌లో, కరీంనగర్, ఆదిలాబాద్, ఆసిఫాబాద్ సహా 19 చోట్ల ప్రభుత్వ డయాగ్నస్టిక్ కేంద్రాలు తెరిచారు. రక్తం ఊళ్లోని పీహెచ్‌సీలో ఇస్తే రిపోర్టు ఫోన్‌కు వస్తుంది. కూలి పోగొట్టుకుని, రెండు బస్సులు మారి పట్నం రావాల్సిన గూడెం మనిషికి అదెంత ఆసరానో! కానీ ఎన్ని ఇళ్లల్లో ఆ మెసేజ్ తెరవకుండానే పడి ఉంటుందో. ఈ రోజే మీ అమ్మానాన్నల ఫోన్ తెరిచి వెతకండి.

మా ఇంట్లో ఇప్పుడు పొద్దున ఒకటో బటన్ బాపుది. ఆయన లేవగానే అవ్వ అదే కుర్చీలో కూర్చుని, రెండోది తనే నొక్కుతుంది.