ఆఫీసు వదిలేసిన కంప్యూటర్ దోర్నపాల్ ఇంట్లో పనికొస్తుందా?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కోరే టీపీఎం 2.0 భద్రతా చిప్ లేదన్న కారణంతో, బాగానే నడుస్తున్న కంప్యూటర్లు కూడా ఆఫీసుల్లో మూలకు చేరుతున్నాయి. అలాంటిదొకటి సుక్మా–కుంట దారిలో ఉన్న దోర్నపాల్‌లో ఒక ఇంటికి వస్తే పిల్లల చదువుకు పనికొస్తుందా? వస్తుంది. కాకపోతే దాని జబ్బు ఎక్కడుందో ముందు తెలియాలి.

పాత కంప్యూటర్ నత్తనడకకు చాలాసార్లు కారణం ప్రాసెసర్ కాదు, హార్డ్ డిస్క్. అందులోని పళ్లెం నిమిషానికి 7,200 సార్లు, అంటే చుట్టుకు 8.3 మిల్లీసెకన్ల చొప్పున తిరుగుతుంది. కావలసిన సమాచారం హెడ్ కిందికి వచ్చేసరికి సగటున అర చుట్టు గడుస్తుంది. హెడ్ సరైన వరుసకు జరగడానికి మరో 8, 9 మిల్లీసెకన్లు. ఈ లెక్కన చెల్లాచెదురుగా ఉన్న ముక్కలను సెకనుకు దాదాపు 80 మాత్రమే చదవగలదు. కంప్యూటర్ ఆన్ కావడానికేమో అలాంటివి వేలల్లో కావాలి! కదిలే భాగాలే లేని ఎస్ఎస్‌డీకి ఒక్కో ముక్కకు మిల్లీసెకనులో పదో వంతు చాలు. సాటా కేబుల్ ఉన్న కంప్యూటర్‌లో దీన్ని మార్చడానికి స్క్రూడ్రైవర్ ఉంటే సరిపోతుంది.

తీసిన డిస్క్ ఆఫీసులోనే ఉండాలి. ఫైలు డిలీట్ చేస్తే మామూలుగా చెరిగేది దాని చిరునామానే. జీతాల పట్టికలు, ఆధార్ నకళ్లు డిస్క్ మీద అలాగే మిగిలి ఉంటాయి.

కొత్త డిస్క్‌లో లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ వంటి ఉచిత వ్యవస్థ వేసుకోవచ్చు. 4 జీబీ ర్యామ్ చాలు. నెట్ బాగా అందే ఊళ్లో కివిక్స్ ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకి దింపుకొస్తే తెలుగు, హిందీ వికీపీడియాలు నెట్ లేకుండానే తెరుచుకుంటాయి. బడిలో హిందీ, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు ఇది చిన్న సౌకర్యం కాదు.

మదర్‌బోర్డు మీది నాణెమంత సీఆర్2032 బ్యాటరీని కూడా మార్చాలి. అది అయిపోతే కరెంటు పోయిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి వెళ్తుంది. తేదీ తప్పితే వెబ్‌సైట్ల భద్రతా పత్రాలు చెల్లవు, నెట్ ఉన్నా పేజీలు తెరుచుకోవు. కొద్దిపాటి ఖర్చుతో పోయే ఈ లోపాన్ని చూసి కంప్యూటరే పాడైందనుకునేవారు ఉంటారు.

ఇక కరెంటు. డెస్క్‌టాప్, మానిటర్ కలిపి సుమారు 80 వాట్లు తీసుకుంటే, రోజుకు 3 గంటల వాడకానికి నెలకు 7 యూనిట్లవుతాయి. చిన్న యూపీఎస్‌లోని 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ బ్యాటరీలో కాగితం మీద 84 వాట్-అవర్ల శక్తి ఉన్నా, ఒక్కసారిగా అంత లోడు పడితే అందులో కొంతే దక్కుతుంది. పని సేవ్ చేసి ఆపడానికి ఆ వ్యవధి చాలు, పాఠం పూర్తిచేయడానికి చాలదు. గంటల తరబడి కరెంటు పోయే ఇంటికి ఆఫీసు డెస్క్‌టాప్ కన్నా, బ్యాటరీ మార్చిన పాత ల్యాప్‌టాప్ అడిగి తెచ్చుకోవడమే మేలు.